జైలు చిరునామాకు ఒక ఉత్తరం
(స్వర్ణోత్సవాల ఆరంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తపాలా శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. తపాలా అనుభవాలు నాలుగు చెప్పమన్నారు కార్యదర్శిగారు. నాలుగు వద్దు, ఒక్కటే చెబుతాను. జైలుకు వెళ్ళే ఉత్తరాల సంగతి.

మనకు బళ్ళో లేఖారచన నేర్పారు. కుడివైపు పైన ఊరు, తేదీ. తరవాత సంబోధన, ఉభయకుశలోపరి, చివర సంతకం. ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయగలరు’ అని తడుముకోకుండా రాసేవాళ్ళం. జైల్లో ఉన్న మనిషికి ఆ వాక్యం రాయాల్సి వస్తే మాత్రం కలం ఆగుతుంది.

మన చుట్టుపక్కల ఒక ఊళ్ళో నేను సబ్ పోస్టుమాస్టరుగా ఉన్నప్పుడు ఒక పెద్దావిడ వచ్చేది. ఆవిడ కొడుకు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. మామిడితోట గట్టు దగ్గర మొదలైన తగాదాలో ఒక ప్రాణం పోయింది. అతనికి యావజ్జీవం పడింది. ఆ పోయిన మనిషికీ ఒక తల్లి ఉంది. ఆ సంగతి మరిచిపోయి నేనీ మాటలు చెప్పడం లేదు.

ములాఖత్‌కు వెళ్ళాలంటే హనుమాన్ జంక్షన్, ఏలూరు మీదుగా రాజమండ్రి పోవాలి. రెండు రోజుల కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. అందుకని ఆవిడ ఇన్‌లాండ్ లెటరు కొనుక్కుని, “రాయి బాబూ” అని ఎదురుగా కూర్చునేది. ఆవిడకు చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు రాసేవాణ్ణి.

“పూత బాగా వచ్చింది. తేనెమంచు పురుగు పట్టింది, మందు కొట్టారు. పిందె నిలిచిందనుకునేలోపు ఈదురుగాలికి సగం రాలింది. రాలిన కాయ నీ చెల్లెలు పచ్చడి పెట్టింది.” ఇవీ కబుర్లు. కొడుకు మీద బెంగ అని ఒక్కసారీ రాయించలేదు. “అదీ రాయనా అమ్మా?” అని అడిగాను. “అది వాడికి తెలుసులే బాబూ. కాయ సంగతే తెలీదు” అంది. ఖైదీకి ఉత్తరం ఎలా రాయాలో నాకు నేర్పింది ఆవిడే.

ఆరేళ్ళకు ఆవిడ పోయింది. జైలుకు కబురు వెళ్ళింది. పదిహేను రోజులాగి నేనే ఒక ఇన్‌లాండ్ తీసుకున్నాను. అప్పటిదాకా దస్తూరీ నాది, మాట ఆవిడది. చివర తొలిసారి నా పేరు రాశాను. జవాబు వచ్చింది: “మీ దస్తూరీ చూడగానే ఒక్క క్షణం అమ్మ ఉన్నట్టే అనిపించింది. రాయడం మానకండి. చెరువు వైపు చివరి వరసలో చిన్నరసం చెట్టు ఉందా?”

వెళ్ళి చూశాను. చెట్టు ఉంది, తోట చేతులు మారింది. రెండూ రాశాను. చెట్టు మాట ఒక్కటే రాసి ఊరుకోవచ్చు. కానీ లోపల ఉన్నవాడికి మన మాట నిజమో కాదో చూసుకునే దారి లేదు. అందుకే అతనికి అబద్ధం రాయకూడదు.

ఆయన విడుదలయ్యేదాకా రాశాను. పేరు బయటపెట్టనంటే చెప్పుకోమన్నారు. ఆయన మన బళ్ళోనే ఎనిమిదో తరగతి దాకా చదివారు. ఇప్పుడు సంచిక కోసం పూర్వ విద్యార్థుల చిరునామాల పట్టిక తయారవుతోంది. అందులో అమెరికా చిరునామాలు వస్తాయి, హైదరాబాదు చిరునామాలు వస్తాయి. జైలు చిరునామా ఎవరిస్తారు?

జైలు మన జిల్లాకు కొత్త కాదు. మచిలీపట్నం డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1942లో అరెస్టయి నెహ్రూతోపాటు అహమ్మద్‌నగర్ కోటలో ఉన్నారు. వారిది గౌరవమైన జైలు కదా అంటారు. నిజమే. ఉత్తరం కోసం ఎదురుచూడ్డంలో మాత్రం తేడా ఉండదు. రాబెన్ దీవిలో మండేలాకు మొదట్లో ఆరు నెలలకు ఒక్క ఉత్తరమే, అదీ 500 మాటలకు మించకూడదు. 1968లో తల్లి, 1969లో పెద్దకొడుకు పోతే అంత్యక్రియలకూ పంపలేదు.

పైగా జైల్లో ఉన్నవాళ్ళందరూ శిక్ష పడినవాళ్ళు కారు. జాతీయ నేర గణాంక సంస్థ 2022 లెక్క ప్రకారం దేశంలో 5,73,220 మంది ఖైదీలు. వారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. ఉత్తరానికి ఎంత బలముందో చెప్పడానికి ఒక్క కేసు చాలు. తిహార్ జైల్లోని సునీల్ బత్రా అనే ఖైదీ, సాటి ఖైదీని ఒక వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1979 డిసెంబరులో తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు జైళ్ళలో ఫోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. మాట్లాడేది కాసిని నిమిషాలు. ఉత్తరమైతే మడతలు చిరిగేదాకా చదువుకోవచ్చు. పోస్టుకార్డుకైనా, ఇన్‌లాండ్‌కైనా పెద్ద ఖర్చు లేదు. కరువు రాసే మనిషికే.

రాయదలిచినవారికి నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. ములాఖత్‌కు ఎవరూ రాని ఖైదీలెవరో జైలు అధికారులను అడగండి. పూర్తి పేరు, ఖైదీ నంబరు స్పష్టంగా రాయండి. ఉత్తరం అధికారులు విప్పి చదువుతారు, కాబట్టి కేసు సంగతి వకీలుకు వదిలెయ్యండి. నీతులు చెప్పొద్దు, శిక్ష వేసే పని కోర్టుది. డబ్బు పంపుతాననీ, విడిపిస్తాననీ మాట ఇవ్వొద్దు. అన్నిటికంటే ముఖ్యం, నాలుగు నెలలు రాసి మానేసేట్టయితే అసలు మొదలుపెట్టొద్దు. నెలకొకటి చాలు. ఏం రాయాలంటారా? పూత సంగతి, వాన సంగతి, మన బడి గోడకు సున్నం వేసిన సంగతి.

మన సంఘంలో కనీసం పదిమంది ముందుకు రావాలని నా కోరిక. మన ఊళ్ళో సబ్ జైలు ఉంది, రాజమండ్రిలో సెంట్రల్ జైలు ఉంది. సభ అయ్యాక బయట బల్ల దగ్గర పేర్లు రాసుకుంటాను. ఇన్‌లాండ్ లెటర్లు నేనే తెచ్చాను.

సెలవు.