ఆ రాత్రి డోలు కొట్టిందెవరు?

ఇవాళ మంచిర్యాల నుంచి జాజ్ ముచ్చట.

జాజ్‌లో ట్యూన్ ఒకటే ఉంటది, దాని మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతరు. మన ఒగ్గుకథ కూడా గంతే కదా? కథ మల్లన్నదే, కానీ ముందు కూసున్న జనాన్ని బట్టి మాట మారుతది, డోలు దెబ్బ మారుతది. ఆ రాత్రి పోతే మళ్లీ రాదు.

1956, అమెరికాలో న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్. డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్‌లో పాల్ గొన్సాల్వెస్ శాక్సోఫోన్ మీద ఆపకుండా 27 రౌండ్లు వాయించిండు. జనం లేచి డ్యాన్సులు! అయితే ఆయన వాయించింది రికార్డు కంపెనీ మైక్‌లో కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైక్‌లో. ఆ రేడియో టేపు భద్రంగా ఉంది కాబట్టే 1999లో ఆ సోలో క్లియర్‌గా సీడీ మీదికి వచ్చింది.

అదే రేడియోలో విల్లిస్ కోనోవర్ 1955 నుంచి 1996లో చనిపోయేదాకా ప్రపంచానికి జాజ్ వినిపించిండు. పాట పెట్టి ఊరుకోలే, వాయించిన వాళ్ల గురించి కూడా చెప్పిండు.

మరి మనం? జాతరలో డోలు వీడియో తీస్తం, సినిమా పాట తగిలించి రీల్ పెడ్తం. కొట్టినాయన పేరు ఉండదు, ఆయన డోలు సప్పుడు కూడా ఉండదు!

ఈసారి అడగండి: "తాతా, ఈ వీడియో పెట్టాల్నా? నీ పేరేంది? ఏ ఊరు? ఎవరి దగ్గర నేర్చినవ్?" ఆ ముక్కలు, తారీఖు కింద రాయండి. అసలు సౌండ్ తీసెయ్యకండి. మన జేబులోనే రేడియో స్టేషన్ ఉంది.