లిథియం మందు — మూత్రపిండముల రక్షణ
(బరంపురమున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము, వర్తకులము. అయినను మా దుకాణమున జరిగిన యొక పొరపాటును మీకు విన్నవించుట మా విధి యని తలంచినాము. సంబంధించినవారి అనుమతితోనే చెప్పుచున్నాము.

మా పద్దులు వ్రాయు గుమాస్తాగారు, ఉద్రేకమును దిగులును మార్చి మార్చి వచ్చు మనోవ్యాధికై పదేండ్లుగా లిథియం మాత్రలు పుచ్చుకొనుచుండిరి. లోకులేమందురో యని ఎవ్వరికిని చెప్పలేదు. మాటిమాటికి నీరు త్రాగుటయు మూత్రమునకు లేచుటయు చూచి, "నీరు తగ్గించుకొనుమయ్యా" అని మేమే మందలించితిమి. అది వేసవి. మోకాళ్ళ నొప్పికి అంగడిలో అడిగి తెచ్చుకొన్న బిళ్ళలు వేసికొనిరి. వారము తిరుగకమునుపే వాంతులు పట్టుకొనెను. చేయి వణకెను, నడక తూలెను, మాట తడబడెను. ఆసుపత్రిలో మందు పేరు చెప్పుటకు ఇంటివారికి సయితము తెలియదు.

పిమ్మట వైద్యులు బోధించినది వినుడు. లిథియం ఒక లవణము. అది దాదాపు పూర్తిగా మూత్రపిండముల ద్వారానే వెలుపలికి పోవును. దేహమున నీరును ఉప్పును తగ్గినచో మూత్రపిండములు లిథియంను లోపలనే నిలుపును. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులును, కొన్ని రక్తపోటు మందులును ఇట్లే చేయును. లీటరు రక్తరసమున 0.6 మొదలు 1.0 మిల్లీమోలు వరకు సాధారణముగా గురి, 1.5 దాటిన ప్రమాదము. ఇంత యిరుకైన తూకము మన తక్కెడలకు లేదు!

ఏండ్ల తరబడి వాడగా మూత్రమును చిక్కబరచు శక్తి మూత్రపిండములకు తగ్గవచ్చును. అందుచేతనే ఆ దాహము. అది దురలవాటు కాదు. నీరు మాన్పించుట విషము నిలుపుటయే. వైద్యుడు మోతాదు మార్చవచ్చును, అమిలోరైడ్ వంటి మందు చేర్చవచ్చును. ఆ నిర్ణయము ఆయనదే. మందును తటాలున మానినచో వ్యాధి తిరుగబెట్టును. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని గుణమును ప్రకటించినది మొదలు ఎన్నో కుటుంబములను నిలిపిన మందు ఇది.

కావున మా మనవి యిది. మాత్ర వేసికొన్న 12 గంటలకు తీసిన రక్తముతో, వైద్యుడు చెప్పిన గడువున లిథియం పరీక్ష చేయించుడు. 6 నెలలకొకమారైనను క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం చూపించుడు. ఉప్పును హఠాత్తుగా మానకుడు, పెంచకుడు. నిర్జలోపవాసములు వలదు. వాంతులు, విరేచనములు, జ్వరము వచ్చిన ఆ దినమే వైద్యుని అడుగుడు. మందు పేరు, మోతాదు తెలుగునందే గాక ఒడియాలోను ఇంగ్లీషులోను చీటీపై వ్రాసి జేబులో నుంచుకొనుడు. ఏ మందు కొన్నను ముందు దానిని చూపుడు.

గుమాస్తాగారు కోలుకొని మరల పద్దులు వ్రాయుచున్నారు. వారి ప్రక్కన నీళ్ళ కూజా యున్నది. ప్రతి ఉదయము దానిని నింపువారము మేమే. దాచిన వ్యాధికి సాయపడు చేయి ఉండదు. చెప్పుకొనుటకు సిగ్గుపడకుడు, విన్నవారు నవ్వకుడు.