జటాయువు చుట్టాలు

ఇవాళ రాబందుల గురించి మాట్లాడతానంటే "పొద్దున్నే ఆ పేరెందుకమ్మా!" అనుకునేరు. జటాయువు కథకి కన్నీళ్లు పెట్టుకుంటాం, ఆ జాతి పక్షి ఎదురైతే మాత్రం మొహం తిప్పుకుంటాం. అదీ మన న్యాయం!

మధ్యప్రదేశ్‌లో బేత్వా ఒడ్డున ఓర్ఛా అని ఒక ఊరుంది. అక్కడ రాముణ్ణి రాజుగా కొలుస్తారు. దర్శనం అయ్యాక నది ఒడ్డున ఉన్న ఛత్రీలు, అంటే పాతకాలపు రాజుల స్మారక మందిరాలు, చూడండి. పైగూళ్ల కింద సున్నం ఒలికినట్లు తెల్లటి చారలుంటే అక్కడ రాబందుల కాపురం ఉందన్నమాట. అవి రెట్టల గుర్తులు. ఈ పొడుగుముక్కు రాబందులు మామూలుగా కొండచరియల్లో గూడు పెడతాయి. మన తెలుగునాట 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద కనిపించినవీ ఇవే. ఓర్ఛాలో రాతికట్టడాన్నే కొండ అనుకున్నాయి కాబోలు.

తెల్లవారుజామునే వెళితే రెక్కలు ముడుచుకుని కూర్చునుంటాయి. తొందరపడకండి. ఎండెక్కి నేల కాగితే వేడిగాలి లేస్తుంది కదా, అప్పుడు బయలుదేరతాయి. ఇక రెక్క ఆడించడమంటూ దాదాపు ఉండదు. ఆ గాలి మీదే చుట్లు తిరుగుతూ చుక్కంత అయిపోతాయి. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి గాని, మెట్లెక్కి గూళ్ల దగ్గరికి మాత్రం వద్దు. ఏడాదికి ఒక్కటే గుడ్డు. తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి. చలికాలంలో అవి బెదిరి లేచిపోతే ఆ ఏటి బిడ్డ దక్కకపోవచ్చు.

ఆ ఒక్క బిడ్డ అంత విలువైనదెందుకంటారా? 1990ల తర్వాత మన దేశంలో ఈ రాబందులు నూటికి 90కి పైగా నశించాయి. కారణం 2004లో బయటపడింది. పశువులకి నొప్పి తగ్గడానికిచ్చే డైక్లోఫెనాక్ అనే మందు! అది పడ్డ గొడ్డు చస్తే, ఆ మాంసం తిన్న రాబందుకి మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల మీద సుద్దలాంటిది పేరుకుని ప్రాణం పోతుంది. 2006లో పశువులకి దీన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు గొడ్లకి వాడుతున్నారని, 2015లో సూదిమందు సీసాని 3 మిల్లీలీటర్లకి కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా పశువులకి వద్దన్నారు. మెలాక్సికమ్ వల్ల రాబందులకి హాని లేదు.

మీ పుట్టింట్లో పాడి ఉందా? ఈసారి వెళ్లినప్పుడు, గేదెకి వాపొస్తే ఏ సూది వేయిస్తున్నారో వదినగారిని ఒక్కమాట అడగండి.