రాహులునికి చెప్పిన మాట



భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినవలసిన ఉపదేశాలు ఏడింటిని అశోకుడు బైరాట్ శిలాశాసనంలో పేర్కొన్నాడు. వాటిలో ఒకటి, అసత్యాన్ని గురించి బుద్ధుడు రాహులునికి చేసిన బోధ. పాత్రలో మిగిలిన కాసిని నీళ్లు చూపి, తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడనివాని శ్రమణత్వం ఇంతే స్వల్పమన్నాడు తథాగతుడు. వింటున్నది కన్నకొడుకు! చరిత్ర పాఠంలో నన్ను నిలిపివేసేది అదే.

భిలాయిలో రైలుపట్టాలు చేసిన చేతులు మీవి. లోపమున్న పట్టాను మొహమాటానికి పంపగలరా? రెండేళ్ల క్రితం నా మిత్రుని కుమారునికి హాజరు చాలలేదు. "నాలుగు రోజులే గదా, వేసెయ్యి" అన్నాడు మిత్రుడు. వేయలేదు. అబ్బాయి మరుసటి ఏడాది పరీక్ష రాశాడు, కనిపిస్తే నమస్కరిస్తాడు. తండ్రి మాత్రం మా గడప తొక్కడం లేదు.