కరణం మల్లీశ్వరి: సిడ్నీకి ముందటి చరిత్ర

కరణం మల్లీశ్వరి అనగానే 2000 నాటి సిడ్నీ కాంస్యం గుర్తుకు రావడం సహజమే గాని, ఆ క్రీడాజీవితాన్ని చరిత్రగా చదవదలచినవారు అంతకు చాలా ముందునుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే 1994లో ఇస్తాంబుల్‌లోను, 1995లో గ్వాంగ్‌జౌలోను ఆమె 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచేనాటికి ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్ లిఫ్టింగ్ పోటీయే లేదు.

ఆమెకు ముందుతరం బలశాలి కోడి రామమూర్తినాయుడు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ విద్య నేర్పి, ఆపైన సర్కస్ నెలకొల్పి, గొలుసులు తెంచి, రొమ్ముమీద ఏనుగును మోసి కలియుగ భీముడనిపించుకున్నారు. ఆయననుంచి మల్లీశ్వరి దాకా ఒకే వంశవృక్షం గీయడం ఉత్తరాంధ్రలో పరిపాటి. అది కొంతవరకే నిజం. నాయుడిగారి బలానికి కొలమానం చూపరుల ఆశ్చర్యం; మల్లీశ్వరి బలానికి కొలమానం ఇనుప కడ్డీకి తొడిగిన బిళ్లల బరువు. ఈ రెంటినీ కలిపేది ఎత్తే పద్ధతి కాదు, ఊరూరా తాలింఖానా ఉండడాన్ని గౌరవంగా భావించిన నేల. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నేటికీ లిఫ్టర్ల ఊరుగా పేరు నిలుపుకోవడం అందుకు సాక్ష్యం.

రైల్వే రక్షణ దళ కానిస్టేబుల్ కూతురైన మల్లీశ్వరి ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న వద్ద పన్నెండేళ్ల వయసులో సాధన ప్రారంభించింది. ఈ క్రీడలో ఎత్తుడు రెండు విధాలు: బరువును నేలనుంచి ఒకే ఊపులో తలపైకి చేర్చడం స్నాచ్, ముందు భుజాలదాకా తెచ్చి, నిలదొక్కుకుని, ఆపైన తలపైకి నెట్టడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కొక్కదానికి మూడేసి అవకాశాలుంటాయి. రెంటిలోని ఉత్తమ బరువుల మొత్తమే ఫలితం. 1993లో మెల్‌బోర్న్‌లో కాంస్యం, తరువాత వరుసగా రెండు స్వర్ణాలు, 1996లో వార్సాలో మళ్లీ కాంస్యం: నాలుగేళ్లూ ఆమె ప్రపంచ వేదిక దిగలేదు. 1994–95కు ఖేల్‌రత్న పొందిన తొలి మహిళ కూడా ఆమెయే.

ఒలింపిక్స్ తలుపులు మహిళా లిఫ్టర్లకు 2000లో తెరుచుకునేసరికి ఆమె పోటీ 69 కిలోల విభాగానికి మారింది. అంతకుముందు, క్లీన్ అండ్ జెర్క్‌లో 266 కిలోల ప్రపంచ రికార్డు నెలకొల్పిన బెలారుస్ వీరుడు లియోనిద్ తరనెంకో భారత జట్టుకు శిక్షణ ఇచ్చాడు. సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. చైనాకు చెందిన లిన్ వెయినింగ్, హంగరీకి చెందిన మార్కుష్ ఇద్దరూ 242.5 వద్ద సమానంగా నిలవగా, శరీర బరువు తక్కువైన లిన్‌కు స్వర్ణం వెళ్లింది.

బరువును రెండున్నర కిలోల చొప్పున పెంచే ఆనాటి నియమం ప్రకారం మల్లీశ్వరి చివరి అవకాశానికి 132.5 గాని, 135 గాని కోరవచ్చు, కోరినది 137.5, అది పైకి నిలవలేదు. పోటీ ముగిశాక లెక్క చూస్తే, స్వర్ణానికి 135 సరిపోయేది.