మన ఆఫీసు బాగుచేసుకున్న ముచ్చట

(వార్షిక మహాసభలో మండల సమాఖ్య పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, స్త్రీనిధి లెక్కలు ఇంతకుముందే చదివి వినిపించారు. మేము చెప్పేది మీరు కూర్చున్న ఈ బిల్డింగు సంగతి. "ఆఫీసుకు రంగులేయడానికి నాలుగు లక్షలా?" అని రెండు మూడు ఊళ్లలో అడిగారని మాకు తెలిసింది. అడగాల్సిందే. ఆ పైస మీది. అందుకని ఎక్కడ మొదలైంది, ఎక్కడ తప్పు చేశాం, ఎంతయింది, ఎంత మిగిలింది, అన్నీ మీ ముందు పెడుతున్నాం.

ఇది రంగులతో మొదలు కాలేదు, ఒక పుస్తకంతో మొదలైంది. 2023 వానకాలంలో మూడు రోజులు ఆఫీసు తీయలేదు. నాలుగో రోజు వచ్చి చూస్తే చిన్నగదిలో కప్పు కారి నీళ్లు బీరువాలోకి దిగాయి. అప్పుల లెడ్జరు ఉబ్బిపోయింది. పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి, సిరా అంతా నీలం మరకైంది. ఎండలో ఆరబెట్టాం, ఫ్యాను కింద పెట్టాం. కొన్ని పేజీలు వచ్చాయి, కొన్ని రాలేదు.

రాని పేజీల్లో ఒక సంఘం కట్టిన ఆఖరి మూడు కిస్తులు ఉన్నాయి. వాళ్లు పాత అప్పు తీర్చేసి కొత్త అప్పుకు తీర్మానం పట్టుకొచ్చారు. రసీదులు రెండు దొరికాయి, మూడోది దొరకలేదు. మీటింగులో ఎవరో "కట్టిండ్రో లేదో ఎట్ల తెలుస్తది" అన్నారు. ఆ సంఘం లీడరు ఏమీ అనలేదు. సంచి సర్దుకుని లేచి పోయింది. మేము బ్యాంకుకు మూడుసార్లు తిరిగి స్టేట్‌మెంట్ తీసి, తారీఖులు కలిపి చూస్తే వాళ్లు ఒక్క రూపాయి బాకీ లేరు. కానీ అప్పటికి అదును పోయింది. ఆ సంఘంలో ఇద్దరు పత్తి విత్తనాలకు బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చుకున్నారు. మన కప్పు కారినందుకు ఆ మిత్తి వాళ్లు కట్టారు. వాళ్లను ఈ సభ ముందు మరొక్కసారి క్షమించమని అడుగుతున్నాం.

తర్వాత 2024లో బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మన సంఘాలకు వచ్చింది. ఎనిమిది మోటారు మిషన్లు తెచ్చి హాల్లో పెట్టాం. ఒకపక్క వడ్ల సెంటరు గన్నీ సంచులు, టార్పాలిన్లు, తూకం కాంటాలు. ఒకపక్క మిషన్లు. నడుమ మీటింగు. రెండు ఇస్త్రీ పెట్టెలు ఒక్కసారి పెడితే ఫీజు పోయేది. కుట్టేవాళ్లు చీకట్లో కూర్చుని, కరెంటు చేసే తమ్ముడు వచ్చేదాకా గుండీలు కుట్టేవాళ్లు.

సరే, బాగుచేయించాలి అనుకున్నాం. ఇక్కడే మేము మొదటి తప్పు చేశాం. మిమ్మల్ని అడగకుండా పాలకవర్గం వాళ్లమే టౌనుకు పోయి ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన్ని పిలుచుకొచ్చాం. ఆయన ఫోనులో బొమ్మలు చూపించాడు. తెల్లటి ఫాల్స్ సీలింగు, అద్దాల పార్టీషను, అధ్యక్షురాలికి ఒక క్యాబిను, తిరిగే కుర్చీలు. 6 లక్షల 40 వేలు అన్నాడు. నిజం చెప్పాలంటే మాకు మస్తు నచ్చింది. మన ఆఫీసు కూడా బ్యాంకులెక్క ఉంటదని సంబురపడ్డాం.

సర్వసభ్య సమావేశంలో ఆ బొమ్మలు చూపిస్తే వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి ఒక్కటే మాట అడిగింది: "పైన కప్పు కారుతుంటే దాని కింద ఇంకో కప్పు ఎందుకు బిడ్డా? నీళ్లు కనబడకుండనా?" అందరూ నవ్వారు. మేము నవ్వలేదు, ఎందుకంటే ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆ రోజే తీర్మానం మారింది. నాలుగు లక్షలు దాటొద్దు, పనికొచ్చేదే చేయాలి, అందులో 40 వేలు అనుకోని ఖర్చుకు పక్కన పెట్టాలి, ప్రతి బిల్లు గోడకు అంటించాలి. ఏడుగురితో కమిటీ వేశారు. అందులో ఇద్దరు కుట్టుపని చేసేవాళ్లు, ఒకరు దివ్యాంగుల సంఘం చెల్లె.

కమిటీ మొదటి రోజు టేపు పట్టుకుని కొలిచింది. హాలు 30 అడుగులకు 20. చిన్నగది 12కు 10. ముందర వరండా. కాగితం మీద గీస్తే మనలో చాలామందికి అర్థం కాలేదు, మాకూ కాలేదు. అప్పుడు ఒక చెల్లె "ముగ్గు పోసి చూద్దాం" అన్నది. గన్నీ సంచులన్నీ బయటకు పెట్టి, హాలు ఊడ్చి, నేల మీద ముగ్గుతో అన్నీ గీశాం. మిషను బల్ల నాలుగు అడుగులకు రెండు. వెనక స్టూలుకు, మనిషి లేచి పోవడానికి మూడు అడుగులు. బట్ట కత్తిరించే బల్ల ఆరు అడుగులకు నాలుగు, దాని చుట్టూ తిరగడానికి దారి. అప్పుడు ఆ గీతల నడుమ నిజంగా కూర్చుని, లేచి, బట్టల మూట పట్టుకుని నడిచాం.

మస్తు తప్పులు బయటపడ్డాయి. బీరువా అనుకున్నచోట పెడితే కిటికీ తెరుచుకోదు. మిషన్లు గోడవైపు తిప్పితే కుట్టేవాళ్ల నీడ వాళ్ల సూది మీదే పడుతుంది. కిటికీ ఎడమ పక్కకు వచ్చేటట్టు రెండు వరుసలూ తిప్పాం. కత్తిరించే బల్ల మామూలుగా దొరికే ఎత్తు మనకు పెద్దదైంది. రోజంతా కత్తిరించే ఇద్దరిని నిలబెట్టి నడుము దగ్గర కొలత తీసుకుని, ఆ ఎత్తుకు వడ్లాయనతో చేయించాం. ఇంత చేసినా ముగ్గు ఖర్చు 20 రూపాయలు. మీ ఊళ్లో గ్రామైక్య సంఘం గది సర్దుకునేటప్పుడు కూడా ముందు ముగ్గు పోయండి, ఆ తర్వాతే బల్లలు కొనండి.

క్యాబిను మీద పెద్ద పంచాయితీ అయింది. అధ్యక్షురాలికి ఒక గది ఉండాలని మేమే పట్టుబట్టాం. అప్పుడు కమిటీలో ఒకామె అన్నది: "మొన్న ఒక పిల్ల మొగడు కొట్టిండని చెప్పుకోవడానికి వచ్చింది. నలభై మంది ముందర ఎట్ల చెప్తది? చాయ తాగి పోయింది." మాకు ఆ పిల్ల యాదికి వచ్చింది. ఏమిటమ్మా అంటే ఏం లేదన్నది, మేము కూడా మళ్లీ అడగలేదు. చిన్నగది అందుకోసం వదిలాం. తలుపుకు లోపలి గడియ, రెండు కుర్చీలు, ఒక చాప, నీళ్ల బిందె, అంతే. పసిపిల్లల తల్లులు పాలివ్వడానికి కూడా అదే గది. అధ్యక్షురాలు హాల్లో మూలబల్ల దగ్గరే కూర్చుంటుంది. ఈ గది తయారైనాక ఎంతమంది వచ్చారని అడగకండి, చెప్పం.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్తాం, ఎందుకంటే కుట్టు సెంటర్లు పెట్టుకుందామని మీలో చాలామంది అనుకుంటున్నారు. మన పాత మీటరు ఒక కిలోవాటుది. ఇప్పుడు లెక్క చూడండి. అర హెచ్‌పీ మోటారు అంటే 373 వాట్లు. ఎనిమిది మిషన్లకు సుమారు 3 వేల వాట్లు. ఇస్త్రీ పెట్టె ఒక్కోటి వెయ్యి, రెండింటికి 2 వేలు. ఫ్యాన్లు, లైట్లు, కంప్యూటరు, ప్రింటరు కలిపి ఇంకో వెయ్యి. మొత్తం 6 వేల వాట్లు, అంటే ఆరు కిలోవాట్లు. ఒక కిలోవాటు ఇచ్చిన తీగ మీద ఆరు మోపితే ఫీజు పోక ఏమవుతుంది? ఫీజు పోయింది కాబట్టి బతికాం, లేకుంటే బట్టల మూటల నడుమ తీగ కాలేది. కరెంటు ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టాం. మిషన్లకు ఒక లైను, ఇస్త్రీకి వేరే మందం తీగ, లైట్లు ఫ్యాన్లకు ఇంకోటి, ఒక్కోదానికి ఒక్కో ట్రిప్పు స్విచ్చి, కొత్త ఎర్తింగు. ఈ ఒక్క పనికే 71,500 రూపాయలు అయింది. కంటికి కనబడే పని కాదు. "గోడల పైస పోసిండ్రు" అన్నది దీన్నే. ఇంకొకటి, ఇంటి మీటరు మీద వ్యాపారం నడపకూడదు. దానికి వేరే కేటగిరీ ఉంటుంది. తర్వాత ఫైను కట్టేకన్నా ముందే మార్పించుకోండి.

పని ఎప్పుడు చేయాలన్నది కూడా కష్టమే అయింది. వానకాలం వడ్ల కొనుగోళ్లు అయిపోయాకగానీ హాలు ఖాళీ కాదు. ఏప్రిల్ వస్తే మళ్లీ యాసంగి వడ్లు. జూన్ 12కు బడులు తెరుస్తారు, అప్పటికి యూనిఫారాలు ఇవ్వాలి. నడుమ దొరికింది సంక్రాంతి నుంచి ఉగాది దాకానే. అందుకని 2025 సంక్రాంతి పోగానే పుస్తకాలన్నీ దగ్గర ఊరి గ్రామైక్య సంఘం గదికి పంపాం. ఏ పుస్తకం ఏ పెట్టెలో ఉందో రాసి, ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు సంతకాలు చేశారు. ఒకసారి దెబ్బ తిన్నాం కదా.

ముందు కప్పు. 44 వేలు అన్నారు. పైన చెక్కితే పెచ్చులు ఊడి లోపల రాడ్డు తుప్పు పట్టి బయటపడింది. 62 వేలైంది. పక్కన పెట్టిన 40 వేలలో 18 వేలు అక్కడే పోయాయి. అది పక్కన పెట్టమన్నందుకు ఆ రోజు మీ మీద కొంచెం కోపమొచ్చింది, ఇప్పుడు దండం పెడుతున్నాం. పని అయినాక కప్పు చుట్టూ మట్టి కట్ట కట్టి నీళ్లు నిలిపి రెండు రోజులు కింద కూర్చుని చూశాం. అయినా మేస్త్రీకి పది శాతం ఆపి, మొదటి వానలు పడినాకే ఇచ్చాం. ఆయన అలిగాడు, తర్వాత తీసుకున్నాడు. ఈ వానకాలం ఒక్క చుక్క దిగలేదు.

కప్పు తర్వాత తీగలు, పైపులు, తర్వాత గోడల పూత, ఆ తర్వాత రంగు, ఆఖరుకు సామాను, ఈ వరుస తప్పొద్దు. మేము తప్పించాం. ఎవరో అధికారులు వస్తున్నారంటే ముందరి గోడకు తొందరపడి రంగు వేయించాం. వారం తిరక్కుండానే తీగల కోసం ఆ గోడనే చెక్కారు. మళ్లీ రంగు. 6 వేలు దండగ. ఆ తప్పు పాలకవర్గానిది, బిల్లు మీద కూడా అట్లాగే రాయించాం.

నేలకు టైల్సు వేద్దామన్నారు కొందరు. పాత షాబాద్ బండలు గట్టిగానే ఉన్నాయి. సందులు నింపి పాలిషు పట్టిస్తే 14 వేలల్లో అయిపోయింది. కొటేషన్లు మూడు తీసుకోవాలని అందరికీ తెలుసు. కానీ ముగ్గురినీ ఒకే పని అడగాలి. మేము మొదట అడిగినప్పుడు ఒకరు సామానుతో కలిపి చెప్పారు, ఒకరు కూలీ మాత్రమే, ఒకరు జీఎస్టీ వదిలేసి. తక్కువ ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? మేమే ఒక కాగితం మీద పనులన్నీ రాసి, అదే కాగితం ముగ్గురికీ ఇచ్చి ఎదురుగా రేటు వేయమన్నాం. అప్పుడు చూస్తే మొదట తక్కువ అనుకున్నదే అన్నింటికన్నా ఎక్కువ.

ర్యాంపు గురించి దివ్యాంగుల సంఘం చెల్లె చెప్పకపోతే మేము ఇంకో తప్పు చేసేవాళ్లం. మన అరుగు ఎత్తు రెండు అడుగులు. మేస్త్రీ ఆరు అడుగుల వాలు కట్టేస్తానన్నాడు. ఆమె "అది మనుషులకా, బస్తాలు జార్చడానికా?" అన్నది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలట. అంటే మనకు 24 అడుగులు. ముందర 14 అడుగుల జాగే ఉంది. మధ్యలో చదునుగా ఒక మలుపు పెట్టి పక్కకు తిప్పాం, ఇనుప రెయిలింగు పెట్టాం. ర్యాంపు, రెండు బాత్రూములు కలిపి 88 వేలు. ఇన్నేళ్లు ఆమె మూడు చక్రాల బండి మెట్ల కింద ఆపి, అక్కడి నుంచే సంతకం పెట్టేది. మేము పుస్తకం కిందికి పట్టుకుపోయేవాళ్లం, అదే పెద్ద సాయం చేస్తున్నట్టు. మొన్న ఆమె బండితో సహా వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఖర్చుల లెక్కలో 350 రూపాయల తప్పు పట్టింది.

వరండా కప్పుకు రెండు ఇనుప కొక్కేలు పెట్టించాం, చీర ఉయ్యాలకు. మేస్త్రీ నవ్వాడు, ఇది ఎస్టిమేటులో లేదన్నాడు. ఇప్పుడు రోజూ రెండూ ఖాళీ ఉండవు.

మొత్తం ఖర్చు 3,58,500 రూపాయలు. మిగిలింది 41,500. బిల్లులన్నీ వరండా గోడకు ఉన్నాయి, భోజనాల తర్వాత చూడండి. చదవడం రానివాళ్లు అడిగితే కమిటీ వాళ్లు చదివి వినిపిస్తారు.

ఇంకా కానిది ఒకటుంది. గన్నీ సంచులకు జాగ లేదు. ఇప్పుడు బాత్రూముల వెనక టార్పాలిన్ కప్పి పెట్టాం, ఎలుకలు కొడుతున్నాయి. మిగిలిన పైసలతో వెనక రేకుల షెడ్డు వేయాలని కొందరు, ఇంకో రెండు మిషన్లు కొనాలని కుట్టేవాళ్లు అంటున్నారు. రెండూ ఈ పైసల్లో కావు. ఈసారి టౌనుకు పోయి బొమ్మలు చూసి రాలేదు. మీ గ్రామైక్య సంఘంలో మాట్లాడుకుని తీర్మానం రాసుకుని వచ్చే నెల మీటింగుకు తీసుకురండి. షెడ్డు కావాలనేవాళ్లు ముందుగా ఒకరోజు వస్తే వెనక జాగలో ముగ్గు పోసి చూద్దాం.