కొలువుకు కొలమానం పనే
(ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేటి ప్రసంగాంశం ప్రకటించిన నాటి నుండి పలువురు పెద్దలు నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. "మన పిల్లలకే ఉద్యోగాలు దొరకడం లేదు. స్వలింగ సంపర్కుల, ట్రాన్స్‌జెండర్ల ఉద్యోగ హక్కుల గురించి మన వేదికపై మాట్లాడవలసిన అవసరమేమిటి?" అని. ఈ ప్రశ్నలో దురుద్దేశం లేదు. దీని వెనుక రెండు సందేహాలున్నాయి. ఇది మనకు సంబంధించిన విషయమా అన్నది మొదటిది. మన ధర్మం సమ్మతించని దానికి మనం మద్దతు పలికినట్లవుతుందా అన్నది రెండవది. రెండింటికీ నాకు తెలిసినంతలో సమాధానం చెప్పుకుంటాను.

ముందుగా అమెరికాలో జరిగిన రెండు వ్యాజ్యాలు వినండి. 2008లో ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా నగరంలో పదిహేడేళ్ల ముస్లిం అమ్మాయి ఒకరు అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ అనే దుస్తుల కంపెనీ దుకాణంలో ఉద్యోగానికి వెళ్లింది. ఇంటర్వ్యూలో నెగ్గింది. కానీ ఆమె తలపై స్కార్ఫ్ ఉంది. సిబ్బంది తలపై ఏమీ ధరించరాదన్నది ఆ కంపెనీ నియమం. ఉద్యోగం ఇవ్వలేదు. ఆమె తరఫున ప్రభుత్వ సమాన ఉపాధి అవకాశాల కమిషన్ న్యాయస్థానానికి వెళ్లింది. "అది మతాచారమని ఆమె మాకు చెప్పలేదు కదా" అని కంపెనీ వాదించింది. 2015 జూన్ 1న అమెరికా సుప్రీం కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆమె చెప్పిందా లేదా అన్నది ప్రధానం కాదు, మతాచారానికి చోటివ్వకూడదన్న ఉద్దేశంతో ఉద్యోగం నిరాకరించడమే చట్టవిరుద్ధమని ఎనిమిది మంది న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఒక్కరే విభేదించారు.

ఐదేళ్ల తరువాత, 2020 జూన్ 15న, అదే న్యాయస్థానం మరో తీర్పు ఇచ్చింది. అది బోస్టాక్ తీర్పుగా ప్రసిద్ధి పొందింది. జార్జియాలో బాలల సంక్షేమ విభాగంలో పనిచేసే ఉద్యోగి ఒకరు, న్యూయార్క్‌లో పారాచ్యూట్ శిక్షకుడు ఒకరు స్వలింగ సంపర్కులన్న కారణంగా ఉద్యోగాలు కోల్పోయారు. మిషిగన్‌లో అంత్యక్రియల సంస్థలో పనిచేసే ట్రాన్స్‌జెండర్ మహిళ ఒకరు తాను ఇక స్త్రీగానే విధులకు వస్తానని చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. తీర్పు వెలువడే నాటికి ఈ ముగ్గురిలో ఇద్దరు జీవించి లేరు. తీర్పు రాసిన జస్టిస్ నీల్ గోర్సచ్ సంప్రదాయవాదిగా పేరున్నవారు. ఆయన తర్కం సరళం. పురుషుణ్ణి ప్రేమించిన స్త్రీని యజమాని ఏమీ అనడు, పురుషుణ్ణి ప్రేమించిన పురుషుణ్ణి తొలగిస్తాడు. రెండు సందర్భాల మధ్య మారినది ఉద్యోగి లింగం ఒక్కటే. కాబట్టి ఇది లింగ వివక్షే. ఆరుగురు న్యాయమూర్తులు దీనితో ఏకీభవించారు. ముగ్గురు విభేదించారు.

ఈ రెండు తీర్పులను నేను పక్కపక్కన పెట్టడానికి కారణముంది. రెండింటికీ ఆధారం ఒకే చట్టం. అది 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం. పదిహేను మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థలు జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలం కారణంగా వివక్ష చూపరాదని అది శాసిస్తుంది. మన అమ్మాయి స్కార్ఫును కాపాడింది "మతం" అన్న పదం. ఆ ముగ్గురు ఉద్యోగులను కాపాడింది దాని పక్కనే ఉన్న "లింగం" అన్న పదం. ఒకే వాక్యంలో రెండు పదాలు. ఆ వాక్యాన్ని ఎవరైనా బలహీనపరిస్తే నష్టపోయేది ఒక్క వర్గం కాదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడ అటువంటి వాక్యమే లేదు. ఇది మనలో చాలామందికి తెలియని సత్యం. రాజ్యాంగం 15వ అధికరణం మత, కుల, లింగ వివక్షను నిషేధిస్తున్నది. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలలో సమానావకాశం కల్పిస్తున్నది. ఇవి ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఒక ప్రైవేటు కంపెనీ "ముస్లింలను తీసుకోము" అని నిర్ణయించుకుంటే, ఆ కంపెనీపై నేరుగా ప్రయోగించదగిన సమగ్ర వివక్షా నిరోధక చట్టం మనకు లేదు. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటివెల్ ఒక పరిశోధన ప్రచురించారు. సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం తక్కువగా, ముస్లిం పేర్లకు ఇంకా తక్కువగా తేలింది. దరఖాస్తు చెత్తబుట్టలో పడినప్పుడు మన బిడ్డ ఏ కార్యాలయం తలుపు తట్టాలి? స్వలింగ సంపర్కుడైన ఉద్యోగి ముందున్న ప్రశ్న కూడా ఇదే. 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు 377వ సెక్షన్‌ను సవరించి చదివి, వయోజనుల పరస్పర సమ్మతి నేరం కాదన్నది. అతడు నేరస్థుడు కాడని తేలింది. ప్రైవేటు యజమాని అతణ్ణి తొలగిస్తే అడ్డుకునే ప్రత్యేక చట్టం మాత్రం రాలేదు.

ట్రాన్స్‌జెండర్ల విషయంలో కొంత ముందడుగు పడింది. 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పు వారి గుర్తింపును హక్కుగా ప్రకటించింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టంలోని 9వ సెక్షన్ నియామకం, పదోన్నతి తదితర విషయాలలో ఏ సంస్థా వివక్ష చూపరాదన్నది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని 11వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. అయితే శిక్షలు విధించే 18వ సెక్షన్‌లో ఉద్యోగ నిరాకరణకు చోటు దక్కలేదు. ఫలితం ఎలా ఉంటుందో ఊహించండి. ఉత్తరప్రదేశ్‌లో ఒక పాఠశాల ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయురాలిని కొద్ది రోజులకే పంపివేసింది. గుజరాత్‌లో మరో పాఠశాల నియామకానికి ఒప్పుకొని, ఆమె గుర్తింపు తెలిసిన తరువాత వెనుదీసింది. ఆమె సుప్రీం కోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. 2025 అక్టోబరు 17న న్యాయస్థానం ఆమెకు పరిహారం ప్రకటించింది. చట్టాన్ని కాగితానికే పరిమితం చేసినందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కూడా అందులో భాగం చెల్లించాలన్నది. సమానావకాశ విధానం రూపొందించడానికి విశ్రాంత న్యాయమూర్తి ఆశా మీనన్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది.

మన హైదరాబాదు చరిత్రలోనూ దీనికి మూలాలున్నాయి. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేయించి, స్త్రీ వేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకిచ్చిన చట్టమొకటి వచ్చింది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది 2023 జూలైలో. నూరేళ్లకు పైగా ఒక వర్గాన్ని పుట్టుకతోనే అనుమానితులుగా చూసిన చట్టం అది. పేరును బట్టి, ఉండే బస్తీని బట్టి అనుమానించబడటం ఎలా ఉంటుందో మనకు వేరుగా చెప్పనక్కర్లేదు.

ఇక రెండవ సందేహం. ఒక చేదు జ్ఞాపకంతో మొదలుపెడతాను. 2010 ఫిబ్రవరిలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించే ఆచార్యులు రామచంద్ర సిరాస్ ఇంటిలోకి కొందరు కెమెరాతో చొరబడి ఆయన ఏకాంతాన్ని చిత్రించారు. చొరబడినవారి కంటే ముందు ఆయన ఉద్యోగానికే ముప్పు వచ్చింది. విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఏప్రిల్ 7న ఆయన అద్దె ఇంటిలో మరణించి కనిపించారు. పదవీ విరమణకు కొద్ది నెలలే మిగిలి ఉన్నాయి. మైనారిటీ హక్కులకు ప్రతీకగా మనం గర్వించే సంస్థలో ఇది జరిగింది. అందుకే దీనిని మన వేదికపైనే చెప్పుకోవాలి.

మన ధర్మ విశ్వాసాన్ని వదులుకోమని ఎవరూ అడగడం లేదు. ఏది పాపం, ఏది పుణ్యం అన్న విచారణ ఒకటి. ఒక మనిషి తన చేతి పనితో అన్నం తినే హక్కు మరొకటి. మన పొరుగున సారాయి తాగేవాడున్నాడు, వడ్డీ వ్యాపారం చేసేవాడున్నాడు. వారి నడవడిని మనం సమ్మతించము. అంతమాత్రాన గుమాస్తాగానో, డ్రైవరుగానో వారికి పని దొరకకూడదని చట్టం చేయమని కోరము. పైగా మతసంస్థలకు చట్టం మినహాయింపులు ఇవ్వగలదు. అమెరికాలో మసీదు ఇమామును, చర్చి పాదరీని ఎంచుకునే స్వేచ్ఛ ఆయా సంస్థలకే ఉన్నదని అక్కడి సుప్రీం కోర్టు 2012లోనే ఏకగ్రీవంగా చెప్పింది. కాల్ సెంటరు, ఆసుపత్రి, బట్టల దుకాణం మసీదులు కావు.

మరొక మాట కొంచెం నెమ్మదిగా చెబుతాను. ఈ సభలో కూర్చున్న కుటుంబాలలో కూడా అటువంటి పిల్లలు ఉండవచ్చు. పేరు వలన ఒకసారి, గుర్తింపు వలన మరొకసారి, రెండుసార్లు తలుపు మూసుకుపోయేది వారికే. ఇంటిలో చెప్పుకోలేరు, కార్యాలయంలో చెప్పుకోలేరు. కనీసం చట్టానికైనా చెప్పుకునే వీలుండాలి.

కాబట్టి మన కోరిక స్పష్టంగా ఉండాలి. 2006లో సచార్ కమిటీ సమానావకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. 2008లో మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం దానికి ముసాయిదా కూడా ఇచ్చింది. అది చట్టం కాలేదు. ప్రైవేటు రంగానికి వర్తించే ఆ చట్టాన్ని మనం అడిగేటప్పుడు మతం అన్న పదంతో పాటు కులం, లింగం, వైకల్యం, లైంగిక గుర్తింపు అన్న పదాలు కూడా ఉండాలని అడుగుదాం. ఒక్కరికే వర్తించే చట్టాన్ని అడిగితే ఒక్కరమే అడుగుతాము. అందరికీ వర్తించే చట్టాన్ని అడిగితే మన వెంట నడిచేవారు ఎక్కువవుతారు. మీ పరిధిలో పాఠశాల, ఆసుపత్రి, దుకాణం నడిపేవారు ఉంటే చట్టం వచ్చేదాకా ఆగవద్దు. ఫిర్యాదుల అధికారిని నియమించండి. దరఖాస్తుదారు పనిని చూడండి, మిగిలినది అడగకండి.

మన బిడ్డ పేరు చూసి దరఖాస్తు పక్కన పెట్టినవాడిని మనం ఏ మాటతో నిలదీస్తామో, మరొకరి బిడ్డ కోసం కూడా అదే మాట మాట్లాడగలగాలి. అప్పుడే ఆ మాటకు బలం వస్తుంది.